చెడిపోలేదు, పూడింది

చీనీ తోటలో ఒక చెట్టు వాడుముఖం పడితే కడప జిల్లా వీరపునాయునిపల్లె రైతు బోరు చెడిపోయిందని అనుకోడు. ముందు వంగి ఆ చెట్టు మొదట్లో డ్రిప్పరు నుంచి బొట్టు పడుతోందో లేదో చూస్తాడు. పడకపోతే దాన్ని పీకి నోటితో ఊదుతాడు. అయినా రాకపోతే పైపు కొస విప్పి చెత్తంతా కొట్టుకుపోయేదాకా నీళ్ళు వదులుతాడు. ఆ తర్వాత ఫిల్టరు విప్పి జాలీ కడుగుతాడు. అనుమానం మోటారు దాకా వెళ్ళేది ఇవన్నీ అయ్యాకే. సన్నటి దారి ఎక్కడుంటే అక్కడ పూడిక ఉంటుందని అతనికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కానీ అదే ఇంట్లో జేజినాయన చెవి మిషను ఒక పొద్దున పలకడం మానేస్తే ఈ వరస ఎవరికీ గుర్తుకు రాదు. ‘మిషను చెడిపోయింది’ అనేస్తారు. అది డబ్బాలోకి, డబ్బా బీరువాలోకి వెళ్తుంది. జేజినాయన మళ్ళీ పంచలో ఓ మూల మాటా పలుకూ లేకుండా కూర్చుంటాడు. ఆ మాట చాలాసార్లు నిజం కాదు. మిషను పూడి ఉంటుంది, లేదా తడిసి ఉంటుంది, లేదా దాంట్లో సెల్లు అయిపోయి ఉంటుంది. ఈ మూడూ ఇంట్లోనే చూసుకోగలిగినవి. చెవి మిషన్లు పంచడం గురించి మాట్లాడినంతగా వాటిని పలికేలా ఉంచుకోవడం గురించి మనం మాట్లాడకపోవడమే అసలు లోపమని నా వాదన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో వెలువరించిన వినికిడి నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్లకు పైగా మందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉంది. మిషను పెట్టుకుంటే మేలు కలిగే వాళ్ళలో నిజంగా పెట్టుకుంటున్నది 17 శాతమే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు ఈ లోపానికి వయసొక్కటే కారణం అనలేం. నాపరాయి కోసే రంపాల పక్కన, పాలిష్ ఫ్యాక్టరీల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి నిలబడిన చెవులు కూడా ఇక్కడ ఉన్నాయి. 85 డెసిబెళ్ళు దాటిన మోతలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్ళకేళ్ళు గడిపితే లోచెవిలోని కేశకణాలు చచ్చిపోతాయి, మళ్ళీ మొలవవు. అలాంటి చెవుడుకు మందు లేదు, మిషనే దారి. ప్రభుత్వాలు ఆ సంగతి గుర్తించలేదని కాదు. పులివెందుల నుంచి వెళ్ళి ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2007లో మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీలో చెవిటి పిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంటు ఆపరేషన్లూ చేరాయి. కేంద్రం 2017 ఏప్రిల్‌లో తెచ్చిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు చెవి మిషన్లు ఉచితంగా ఇస్తున్నారు. ఆ పరికరాలను అందించేది కాన్పూరులో 1972లో పెట్టిన ప్రభుత్వ సంస్థ ఎలిమ్కో. పథకం ప్రకారం ఏడాది పాటు మరమ్మతు కూడా వాళ్ళదే. అయితే సరిగా చూసుకున్న మిషను దాదాపు ఐదేళ్ళు పనిచేస్తుంది. మొదటి ఏడాది తర్వాత మిగిలిన నాలుగేళ్ళ బరువు ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. శిబిరంలో ఎన్ని పంచారో పేపర్లో వస్తుంది. మరుసటి ఏడాదికి వాటిలో ఎన్ని పలుకుతున్నాయో కూడా ఓసారి వేస్తే బాగుండు.

ముందు ఆ చిన్న వస్తువు లోపల శబ్దం నడిచే దారి చూద్దాం. పైన సూదిమొన అంత రంధ్రంలో ఉన్న మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది. లోపలి చిప్పు దాన్ని పెంచుతుంది. చిన్న స్పీకరు మళ్ళీ శబ్దంగా మార్చి బయటికి పంపుతుంది. చెవి వెనక పెట్టుకునే రకంలో అక్కణ్ణుంచి పారదర్శకమైన ట్యూబు గుండా, చెవి కొలత తీసి పోసిన అచ్చు గుండా చెవిలోకి వెళ్తుంది. అచ్చును ఇంగ్లీషులో ‘మౌల్డు’ అంటారు, దుకాణంలోనూ అదే మాట. సన్న తీగ రకంలో స్పీకరే చెవి లోపలికి వెళ్ళి కూర్చుంటుంది, దాని మూతికి గుబిలి దూరకుండా గింజంత జల్లెడ ఉంటుంది. ఈ దారిలో ఎలక్ట్రానిక్స్ ఉన్నది మధ్యలో కాస్త మేరే. మిగతాదంతా గాలి నడిచే సందులు. సందులే ముందు పాడవుతాయి, సందులను బాగుచేయడానికి చదువు అక్కర్లేదు.

గుబిలితోనే మొదలుపెడదాం, ఎందుకంటే చప్పుడు తగ్గిన మిషన్లలో మొదట అనుమానించాల్సింది దాన్నే. మామూలు చెవిలో గుబిలి దానంతట అదే మెల్లగా బయటికి జరుగుతుంది. పొద్దస్తమానం అచ్చు అడ్డంగా కూర్చుంటే ఆ దారి మూసుకుపోతుంది, గుబిలి అచ్చు రంధ్రంలోనే చేరుతుంది. రాత్రి మిషను తీసి అచ్చును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. రంధ్రం ఈ చివర నుంచి ఆ చివరకు కనిపించాలి. తేనెరంగు ముద్ద కనిపిస్తే పూడినట్టే. ఆరాక మెత్తటి బ్రష్షుతో తుడిస్తే సగం రాలుతుంది. ఉదయాన్నే తుడిస్తే ఇంకా మంచిది, రాత్రంతా ఆరి పొడిబారి ఉంటుంది. వారానికోసారి అచ్చును ట్యూబుతో సహా మిషను కొక్కెం నుంచి విడదీసి, గోరువెచ్చటి సబ్బునీళ్ళలో కడగాలి. మిషను పక్కనే పొడిగా ఉండాలి, దానికి నీటి చుక్క తగలకూడదు. కడిగాక ట్యూబులో నీటి బొట్టు అంటుకుని మెరుస్తూ కనిపిస్తుంది. డ్రిప్పరును నోటితో ఊదిన అలవాటు ఇక్కడ పనికిరాదు, ఊపిరిలోనే తడి ఉంటుంది. దీనికోసం రబ్బరు బుడ్డి అమ్ముతారు, దాని ముక్కు ట్యూబులో పెట్టి రెండు మూడుసార్లు నొక్కితే బొట్టు ఎగిరిపోతుంది. తర్వాత రాత్రంతా ఆరబెట్టి తెల్లారి తగిలించుకోవాలి. సన్న తీగ రకానికి కడుగుడు లేదు. జల్లెడ మార్చడమే. చిన్న పుల్లకు ఒక కొసన పాతదాన్ని పట్టి లాగే మొన, రెండో కొసన కొత్త జల్లెడ ఉంటాయి. చొప్పించి, లాగి, తిప్పి, నొక్కితే అయిపోయె. బొట్టుబిళ్ళ పెట్టుకున్నంత పని.

చేయకూడనివీ ఇక్కడే చెప్పాలి. పిన్నీసు, సూది, అగ్గిపుల్ల మిషను రంధ్రంలోనూ వద్దు, చెవిలోనూ వద్దు. స్పిరిటుతో తుడిస్తే ప్లాస్టిక్కు, పైపూత పాడవుతాయి. చెవిలో గోరువెచ్చటి నూనె పోయడం మన ఇళ్ళలో తరాల వాడుక. మిషను పెట్టుకునే చెవికి ఆ వాడుక మానాలి, నూనె అచ్చులోకి దిగి గుబిలితో కలిసి బంకలా పడుతుంది. తలకు నూనె రాసుకోవడం, పౌడరు వేసుకోవడం అయ్యాకే మిషను పెట్టుకోవాలి. క్షవరానికి, తలస్నానానికి ముందే తీసేయాలి. రాయి కోసే చోట పనిచేసేవాళ్ళు ఇంటికి రాగానే పొడి బ్రష్షుతో మైకు రంధ్రాన్ని కిందికి వంచి తుడవాలి. పైకి ఉంచి తుడిస్తే ఆ సన్నటి బూడిద లోపలికే పోతుంది. ఇంకొకటి, నవ్వొచ్చినా నిజం: కుక్కలు చెవి మిషన్లను నమిలేస్తాయి. గుబిలి వాసనో, సన్నటి కూతో వాటిని లాగుతుంది. డబ్బాలో పెట్టకుండా మంచం పట్టె మీద వదిలిన మిషనుకు ఇంటి కుక్కే గండం.

తడి సంగతికి వస్తే, ఎండాకాలంలో పాదరసం 40 డిగ్రీలు దాటే ఈ నేల మీద తడేమిటని ఎవరైనా అడగొచ్చు. చెమట. తలకు తువ్వాల చుట్టి పొలంలో నిలబడ్డ మనిషి చెవి వెనక ఉన్నంత ఉక్క ఇంకెక్కడా ఉండదు. చల్లటి గది నుంచి వేడి గాలిలోకి వస్తే ట్యూబు లోపల ఆవిరి చేరి బొట్టు కడుతుంది. శబ్దం తెగి తెగి వస్తుంటే, పొద్దున బాగుండి మధ్యాహ్నానికి మూగబోతుంటే తడినే అనుమానించాలి. మందు చవకదే. గట్టి మూతున్న చిన్న డబ్బాలో సిలికా జెల్ గుళికలు పోసి, రాత్రిపూట సెల్లు తీసేసి మిషను మాత్రం అందులో పెట్టాలి. నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే అవి తడిని నిండా పీల్చాయని అర్థం, మార్చాలి. బియ్యంలో పెట్టడం వద్దు, తవుడు దుమ్ము లోపలికి పోతుంది. ఎండలో, పొయ్యి పక్కన, జుట్టు ఆరబెట్టే మిషను ముందు పెట్టడం అంతకంటే వద్దు. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో వదిలినా అంతే.

అన్నిటికంటే తక్కువ తెలిసినదీ, ఎక్కువ నష్టం చేసేదీ సెల్లు. చెవి మిషను సెల్లు గోడ గడియారం సెల్లు లాంటిది కాదు. దాంట్లో ఉన్నది జింకు, దానికి తోడు గాలి. వీపున సన్నటి రంధ్రాలుంటాయి, వాటి మీద రంగు కాగితం అతికించి ఉంటుంది. అది ఉన్నంతకాలం సెల్లు నిద్రలో ఉన్నట్టు. పీకిన క్షణం నుంచి గాలి లోపలికి వెళ్ళి అది మేల్కొంటుంది, మిషనులో పెట్టినా పెట్టకపోయినా తరగడం మొదలవుతుంది. మళ్ళీ కాగితం అతికించినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. కాగితం పీకాక రెండు మూడు నిమిషాలు బయట ఉంచి, గాలి బాగా అందాక పెడితే పూర్తి బలం వస్తుంది. పీకిన వెంటనే దూర్చి ‘ఇది కూడా పనిచేయలేదే’ అని పారేసిన సెల్లులు ఎన్నో! ఆ కాగితం రంగే కొలతకు గుర్తు: 10 నంబరుకు పసుపు, 312కు గోధుమ, 13కు నారింజ, 675కు నీలం. కొలతకు తగ్గట్టు కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా వస్తుంది. పది రోజులకు ఒకటి చొప్పున వేసుకున్నా ఒక చెవికి ఏడాదికి 36 సెల్లులు, అంటే ఆరేసి ఉండే కార్డులు ఆరు. అన్నీ ఒకేసారి కొని ఏళ్ళు దాచనక్కర్లేదు, కొనేటప్పుడు కార్డు వెనక తేదీ చూస్తే చాలు. మన ఎండాకాలం లాంటి పొడి గాలిలో తెరిచిన సెల్లు లోపలి తేమ తొందరగా ఆరిపోతుంది. కాబట్టి ‘రేపటికి సిద్ధంగా ఉంటుంది’ అని ముందే కాగితం పీకి పెట్టుకోవడం ఉత్త దండగ. ఈ సెల్లు గుణం ఇంకొకటి ఉంది. టార్చిలైటులా మెల్లగా మసకబారదు. చివరిదాకా నిండుగా పలికి ఉన్నట్టుండి ఆగిపోతుంది. పెళ్ళిలోనో, బ్యాంకు కౌంటరు దగ్గరో ఆగిపోతే అది యంత్రం తప్పులా కనిపిస్తుంది. జేబులో ఒక సెల్లు వేరే చిన్న డబ్బాలో ఉంచుకోవాలి. చిల్లర నాణేలతో కలిపి వేస్తే అవి తగిలి ఖాళీ అవుతుంది.

కూత మాట. చెవిలో పెట్టగానే మిషను కీచుమంటుంటే ఇంట్లోవాళ్ళు దాన్ని పెద్ద రోగంగా చూస్తారు. నిజానికి కూత అంటే బయటికి వెళ్ళకూడని శబ్దం చెవిలోంచి కారి మళ్ళీ మైకులో పడుతోందని. చాలా మిషన్లను గుప్పిట్లో మూసి పట్టుకుంటే కూస్తాయి, అది ప్రాణం ఉందని గుర్తు. కొత్త రకాల్లో కూతను అణిచే ఏర్పాటు ఉంటుంది కాబట్టి అవి కూయకపోయినా కంగారు లేదు. చెవిలో కూస్తే మాత్రం ఎక్కడ కారుతోందో వెతకాలి. అచ్చు సరిగా కూర్చోలేదేమో, పై కొస చెవి మడతలోకి దూరలేదేమో, ట్యూబు గట్టిపడి చీలిందేమో. ట్యూబు మెత్తగా వంగాలి. పసుపు రంగు పట్టి పుల్లలా బిగుసుకుంటే మార్చాల్సిందే, మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చడం మామూలే. చెవి లోపల గుబిలి గోడలా ఉన్నా శబ్దం దానికి కొట్టుకుని వెనక్కి వస్తుంది, అది తీయాల్సింది డాక్టరు. ముసలితనంలో మనిషి చిక్కితే చెవి కూడా చిక్కుతుంది, పాత అచ్చు వదులవుతుంది. ఇవేమీ చూడకుండా జనం చేసేది ఒక్కటే: చప్పుడు తగ్గించడం. కూత ఆగుతుంది, మాటా ఆగుతుంది. ‘పెట్టుకున్నా యినపడల్యా’ అని నెలలోపు తీసి పక్కన పెడతారు.

నా వాదనకు మొదటి అభ్యంతరం: సున్నితమైన వైద్య పరికరాన్ని ఇంట్లోవాళ్ళు కెలికితే ఉన్నది కాస్తా పోదా? న్యాయమైన భయమే. కానీ పైన చెప్పినవాటిలో ఒక్కదానికీ స్క్రూడ్రైవరు అక్కర్లేదు, పెంకు విప్పనక్కర్లేదు. హద్దు స్పష్టంగా గీసుకోవచ్చు: వేలితో ఊడివచ్చేది ఇంటి పని, విప్పితే తప్ప రానిది దుకాణం పని. సెల్లు తలుపు మూసుకోకపోతే బలవంతాన నొక్కొద్దు, సెల్లు తిరగబడి ఉంటుంది. కుడి మిషనుకు ఎర్ర గుర్తు, ఎడమదానికి నీలం గుర్తు ఉంటాయి, తారుమారు చేసి తోస్తే అచ్చు కూర్చోదు. ఇంట్లోనే చూసుకోవాలనడానికి దగ్గర్లో వేరే మార్గం లేకపోవడం కూడా ఒక కారణమే. ఎర్రగుంట్ల–వేంపల్లె రోడ్డు మీద ఉన్న వీరపునాయునిపల్లె నుంచి ఎటు వెళ్ళాలన్నా బస్సెక్కాలి. ప్రొద్దుటూరుకో, కడపలో 2006లో వచ్చిన రిమ్స్‌కో ఒక పొద్దు కూలి వదులుకుని వెళ్ళి, చివరికి అక్కడ తీసేది గుబిలి ముద్దే అయితే ఆ మనిషి రెండోసారి వెళ్ళడు.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. జనం మిషను మానేసేది అది ఆగిపోయినందుకు కాదు, పనిచేస్తున్నా మాట స్పష్టంగా వినపడనందుకు అంటారు. ఇందులో చాలా నిజం ఉంది. మిషను ఉండి కూడా ఎందుకు పెట్టుకోరన్న ప్రశ్న మీద మెకార్మాక్, ఫోర్ట్‌నమ్ అనే బ్రిటిష్ పరిశోధకులు అంతకుముందు వచ్చిన అధ్యయనాలను 2013లో కలిపి చూశారు. ముందు వరసలో కనిపించింది ‘ఆశించినంత మేలు లేదు’ అన్న కారణమే, ఆ తర్వాత చెవిలో సరిగా కూర్చోకపోవడం, వాటితో పాటు సెల్లు, శుభ్రం లాంటి చూసుకునే పనుల ఇబ్బంది. అంటే నేను చెప్పేదే మొత్తం కథ కాదు. కానీ ఈ కారణాలు వేర్వేరు గదుల్లో ఉండవు. సగం పూడిన అచ్చుతో వింటున్న మనిషికి మిషను పనికిమాలిందనే అనిపిస్తుంది, పూడిన సంగతి తెలియదు కాబట్టి. ముందు దారి శుభ్రం చేసి, కొత్త సెల్లు వేసి, అప్పటికీ మాట ముద్దగానే ఉంటే అది సర్దుబాటు లోపమని తేలుతుంది, ఆడియాలజిస్టు దగ్గరికి కచ్చితమైన ఫిర్యాదుతో వెళ్ళొచ్చు. చెవి పరీక్ష కాగితంలోని గీతల ప్రకారం మిషనును మళ్ళీ సరిచేయడం వాళ్ళ పని. డ్రిప్పు ఫిల్టరు కడగకుండా మోటారు మెకానిక్కును పిలిస్తే అతను మాత్రం ఏం చెప్తాడు?

ఛార్జింగ్ మిషన్లు వచ్చాయి కదా, ఈ సెల్లుల గోల ఎందుకని మూడో మాట. వేళ్ళు వణికే వాళ్ళకు అవి నిజంగా మేలు. అయితే వాటికీ గుబిలి ఉంది, చెమట ఉంది, ఛార్జరు కొనల మీద పట్టే చిలుము ఉంది, కరెంటు కోత ఉంది. లోపలి లిథియం బ్యాటరీ కొన్నేళ్ళకు నీరసిస్తుంది, దాన్ని ఇంట్లో మార్చలేం. ఇక ఫోనులో చూసి తెప్పించుకునే చవక మిషన్లు చాలావరకు అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే గొట్టాలు. అమెరికాలో 2022 అక్టోబరు నుంచి పరీక్ష లేకుండా కొనుక్కునే చెవి మిషన్లకు అనుమతి ఉన్నా, అది కూడా పెద్దవాళ్ళకు, లోపం మోస్తరుగా ఉన్నవాళ్ళకు మాత్రమే.

మరి ఈ పనులు చేసేదెవరు? ఎనభై ఏళ్ళ అవ్వ కళ్ళకు ఆ రంధ్రమే ఆనదు. పెట్టుకునేది ఆమె, చూసుకునేది కోడలో మనవరాలో కాక తప్పదు. మిషను ఇచ్చే రోజు శిబిరానికి ఆ రెండో మనిషినీ రమ్మని, పదిహేను నిమిషాలు చేతితో చేయించి పంపడం ఖర్చులేని పని. గ్రామానికి ఒక ఆశా కార్యకర్త చేతిలో బ్రష్షు, రబ్బరు బుడ్డి, వినే గొట్టం ఉంటే ఇంకా మంచిది. స్టెథోస్కోపులా చెవుల్లో పెట్టుకుని రెండో కొస మిషనుకు తగిలించే ఈ గొట్టంతో, వినికిడి బాగున్న మనిషి మిషను ఎలా పలుకుతోందో తనే వినొచ్చు. 2007లో మొదలైన జాతీయ చెవుడు నివారణ కార్యక్రమంలో కింది స్థాయి సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్న మాటే, దానికి ఈ ఒక్క పాఠం కలపాలి.

రోజూ పొద్దున ఒక్క నిమిషం పరీక్ష కూడా ఉంది. డేనియల్ లింగ్ అనే అధ్యాపకుడు చెవిటి పిల్లల కోసం ఏర్పరచిన ఆరు ధ్వనులు మన అక్షరాల్లో హాయిగా ఇమిడిపోతాయి: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. నోరు కనపడకుండా నాలుగడుగుల దూరం నుంచి ఒక్కొక్కటే మామూలు గొంతుతో పలికితే, పెట్టుకున్నవాళ్ళు తిరిగి పలకాలి. నిన్న చెప్పిన ‘స్’ ఈరోజు చెప్పలేకపోతే ముందు అచ్చు, ట్యూబు చూడాలి. అవి బాగుండి, సెల్లు కొత్తదై, ఇంట్లో ఇంకొకరి చెవికి మిషను చక్కగా పలుకుతూ కూడా ఆ మనిషికి వినపడకపోతే లోపం మిషనులో లేదు. చెవి కారుతున్నా, నొప్పి ఉన్నా, ముఖ్యంగా ఒక చెవి ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి మూసుకుపోయినా బ్రష్షు పక్కన పెట్టి ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఆ రకం చెవుడుకు తొలి రోజుల్లోనే మందు పనిచేస్తుంది. వెళ్ళేటప్పుడు మిషను, పాత సెల్లు, చెవి పరీక్ష కాగితం మూడూ పట్టుకెళ్ళాలి. ఆ కాగితాన్ని ఇంట్లో ఎవరి ఫోనులోనైనా ఫోటో తీసి పెట్టుకుంటే, బీరువాలో వెతికే పని తప్పుతుంది.